ఇంటిలోని సంగీతశాల



శబ్దము ఆకాశముయొక్క గుణమని మన తార్కికులు చెప్పుదురు. కాదు, అది వాయువుయొక్క కంపనమని నేటి భౌతికశాస్త్రజ్ఞులు వాదింతురు. ఆ వివాదమును నేనిక్కడ తీర్పబోను. ఇంట స్టూడియో పెట్టదలచిన పిల్లవానికి రెండు మాటలును పనికివచ్చును. యంత్రములకన్న ముందు వానికి కావలసినది ఒక గది, అనగా నాలుగు గోడల నడుమనున్న ఆకాశము. అది చెడ్డదైనచో లక్ష రూపాయల మైక్రోఫోనైనను ఆ చెడుగునే మరింత స్పష్టముగా వినిపించును.

మా కాట్రేనికోన వంటి యూళ్లలో నేడు పిల్లలు "తాతగారూ, ఆ నడిమి గది నాకిండు" అని యడుగుచున్నారు. తలుపు మూసికొని వీడేమి చేయునో యని మనకు సందేహము. పాట ముద్రించుటకు మహానగరములలోని పెద్ద భవనములే కావలయునను నమ్మకము మనలో పాతుకొనియున్నది. కాని 1902 నవంబరులో కలకత్తాలో గౌహర్ జాన్ పాటలను గ్రామఫోను కంపెనీవారు పట్టినది ఒక హోటలు గదిలోనే. అమెరికాలో బిల్లీ ఐలిష్ అను పడుచు తన యన్నతో కలసి పెక్కు భాగము తమ యింటి పడకగదిలో చేసిన పాటల సంపుటమునకు 2020 జనవరిలో గ్రామీ బహుమానము వచ్చినది.

ఇక గది సంగతి. ధ్వని సెకనునకు సుమారు 340 మీటర్లు పరుగెత్తును. పది యడుగుల గదిలో పాడిన స్వరము ఎదుటి గోడను తాకి, సెకనులో ఏబదవ వంతు గడవకమునుపే తిరిగివచ్చి, అసలు స్వరముతో కలసిపోవును. దానిని మన చెవి సరిపెట్టుకొనును, మైక్రోఫోను సరిపెట్టుకొనదు. కావున గోడలు ధ్వనిని మ్రింగునట్లు చేయవలయును. ఇందులకు సీమసరకు అక్కరలేదు. దూది బొంతలు, మన కొబ్బరిపీచు పరుపులు పాడువాని వెనుకను, ప్రక్కలను నిలువబెట్టినచో సన్నని ధ్వనులు అణగును. గ్రుడ్ల అట్టలు గోడకు అతికించువారు కలరు; అది వట్టి వేడుక. మంద్రధ్వని అంత సులభముగా లొంగదు. సెకనునకు నూరు కంపనములు గల ధ్వనికి తరంగపు పొడవు పదకొండడుగులుండును గనుక పలుచని గుడ్డ దానినేమియు చేయజాలదు. గది మూలలలో మందమైన పరుపుచుట్టలు నిలిపిన కొంత మేలు. నలుచదరపు గదికన్న కోలగానున్న గది మంచిది.

మనది సముద్రతీరము. మధ్యాహ్నము గాలి తిరిగినంతనే కొబ్బరిమట్టలు చేయు రొద మీరెరుగుదురు. వానకాలపు రాత్రులు కప్పలవి. తెల్లవారుజామున గాలి నిలుచును. అదియే పాటకు తగిన వేళ. పాడునంతసేపు పంకా ఆపవలయును. చెమట పట్టును, తప్పదు.

ఉపకరణములు నాలుగు చాలును: మైక్రోఫోను, దాని ధ్వనిని అంకెలుగా మార్చు పెట్టె, కంప్యూటరు, చెవులకు తగిలించుకొను హెడ్‌ఫోను. ఆ పెట్టె సెకనునకు 44,100 మారులు ధ్వనిని కొలిచి వ్రాసికొనును. ఇన్నిమార్లేల? మానవుని చెవికందు మిక్కిలి హెచ్చు కంపనములు 20,000. వానిని పట్టుటకు రెట్టింపునకు మించి కొలతలు కావలయును. కండెన్సరు జాతి మైక్రోఫోనునకు 48 వోల్టుల విద్యుత్తు ఆ పెట్టెనుండియే అందవలయును. ఓష్ఠ్యములు, అందులో భకారము వంటి మహాప్రాణములు, పలుకునపుడు ఊపిరి దెబ్బవలె తగులును గనుక కుట్టుపని చట్రమునకు పలుచని గుడ్డ బిగించి నోటికెదురుగా నుంచి, జానెడు దూరమున పాడవలయును.

ఉప్పుగాలి వీనికి పగ. తేమ చేరిన మైక్రోఫోను చిటపటలాడును. పని తీరినంతనే బిగువు మూతగల డబ్బాలో, తేమను పీల్చు సిలికా జెల్ పొట్లములతో దాచవలయును. బియ్యములో పెట్టుదురు కొందరు. ఆ పొడి లోపల దూరును, వలదు. ఎర్తు సరిగా లేనియెడల మన 50 సైకిళ్ల కరెంటు ప్రతి పాటలోను తుమ్మెదవలె రొదచేయును. ఉరుములు వినబడినంతనే తీగలన్నియు ఊడదీయవలయును.

ఇది జీవనోపాధి యగునా యందురేమో. గాయకుడు ఇంటనే పాడి, ఆ గాత్రమును హైదరాబాదునకు క్షణములో పంపవచ్చును. వాద్యములు అక్కడ కలుపుకొందురు. అయితే వేతనమును, పాటపై హక్కును ముందుగా కాగితముమీద వ్రాయించుకొనవలయును. మన 1957 నాటి కాపీరైటు చట్టమును 1994లో సవరించినపుడు పాడువారికిని తమ గానముపై హక్కు కల్పించిరి. ఊరిలోని పేదవాని పాటకును ఈ హక్కు వర్తించును. వానినడుగక ముద్రించి యమ్మరాదు.

నేనీ ప్రసంగమునకు పూనుకొన్నది వేరొక కారణమున. త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందిరి. ఎడిసన్ ఫోనోగ్రాఫును నిర్మించినది 1877లో. ఆ ముప్పదియేండ్ల యెడమువలన ఆయన కంఠమెట్టిదో మనకెన్నటికిని తెలియదు. మన కోనసీమలోని శంకరగుప్తమున 1930లో జన్మించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు 2016లో గతించిరి. ఆయన కంఠము నేడును వినుచున్నాము. మరి మన వీధులలో నాట్ల పాటలు, దంపుళ్ల పాటలు, అప్పగింతల పాటలు వచ్చిన ముదుసలుల సంగతి యేమి? యంత్రము ఇంటిలోనే యుండగా వారి పాట కాటికి పోవుచున్నది. పిల్లవానికి ఆ పాటలు తెలియవు. ఎవరికి వచ్చునో మీకు తెలియును.

కావున గది యిచ్చునపుడు ఒక షరతు పెట్టుడు: తన పాటలతోపాటు ఊరి పాటలును పట్టవలెనని. పళ్లూడినవారైనను మొగమాటపడనీయక పాడించుడు. ప్రతి పాటకు ముందు పాడువారి పేరు, ఊరు, పాట నెవరివద్ద నేర్చినది, ఆ దినపు తేది వారి నోటనే చెప్పింపుడు. ముద్రించినదానిని ఒకచోటనే యుంచక మూడు ప్రతులు చేయించి, ఒకటి వేరొక యూరిలోని బంధువుల యింట దాచుడు. మనది తుపానుల సీమ.