కొలతలో మొదటిది, లెక్కలో చివరిది లాభం

కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ‘ఒకటి’ అనరు, ‘లాభం’ అంటారు. ఆ తర్వాతే రెండు, మూడు. శుభం కోరి పలికే మాట అది. కుంచాలు పోయి కాటాలు వచ్చినా పల్లెల్లో పెద్దలకు ఈ వాడుక గుర్తే. ఉత్తరాది వర్తకులు సైతం కొత్త ఖాతా పుస్తకంలో ‘శుభం, లాభం’ అని రాసుకున్నాకే పద్దులు ప్రారంభిస్తారు.

పద్దు వేసేటప్పుడు మాత్రం లాభం వచ్చేది చిట్టచివర. ఖర్చులన్నీ పోగా మిగిలినదే లాభం.

సంస్కృతంలో ‘లభ్’ అంటే పొందడం. లభించు, లభ్యత, లబ్ధి అన్నీ ఆ ధాతువు నుంచి వచ్చినవే. ‘ఏం లాభం?’ అని విసుక్కున్నప్పుడు ఆ మాటకు అర్థం ప్రయోజనం. అంగట్లో దాని అర్థం కుదించుకుని, పెట్టిన డబ్బుకు పైన వచ్చినదిగా స్థిరపడింది.

వందకు ఎంత?

వర్తకుడు వంద రూపాయల సరకును 125 రూపాయలకు అమ్మితే రూపాయికి పావలా మిగిలిందంటాడు. కొన్న ధరపై అది 25 శాతం, అమ్మిన ధరపై 20 శాతం. రెండూ నిజమే. దేని మీద లెక్కించారో చెప్పకపోతే శాతానికి అర్థం లేదు. రవాణా, హమాలీ, వడ్డీ, దుకాణం అద్దె పోగా మిగిలేదే నికర లాభం.

మార్కెట్ వార్తల్లో ‘లాభాల స్వీకరణతో ధరలు మెత్తబడ్డాయి’ అన్న వాక్యం తరచు కనబడుతుంది. తక్కువ ధరలో కొన్నవారు ధర పెరగగానే అమ్మకాలకు దిగారని దాని భావం. సరకు అమ్ముడయ్యేవరకు పెరిగిన ధర కాగితం మీది లాభమే.

ఈ తేడా మిర్చి రైతుకు బాగా తగులుతుంది. క్వింటాలుకు 12,000 రూపాయలు పలికిన రోజున అమ్మకుండా, సరకును శీతల గిడ్డంగిలో పెట్టి ఆరు నెలల తర్వాత 13,000కు అమ్మిన రైతును తీసుకోవచ్చు. చూపుకు వెయ్యి రూపాయలు కలిసివచ్చాయి. అతని నెత్తిన అంతే మొత్తం అప్పు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీపై ఉంటే, ఆరు నెలల వడ్డీయే 1,440 రూపాయలు. గిడ్డంగి అద్దె కలపకముందే 440 రూపాయల నష్టం. ధర పెరిగింది, రైతు నష్టపోయాడు.

గిట్టుబాటు వేరు

అందుకే రైతు నోట లాభం కంటే ‘గిట్టుబాటు’ అన్న మాట ఎక్కువ వినబడుతుంది. గిట్టడమంటే సరిపడడం. పెట్టుబడి తిరిగివచ్చి, ఇల్లు గడిచి, మళ్లీ సాగుకు దిగగలిగితే గిట్టినట్లు.

మద్దతు ధరపై వివాదమంతా ఇక్కడే ఉంది. ఉత్పత్తి ఖర్చుకు కనీసం 50 శాతం కలిపి మద్దతు ధర ఇవ్వాలని స్వామినాథన్ అధ్యక్షతన ఏర్పడిన జాతీయ రైతుల కమిషన్ 2006లో సిఫారసు చేసింది. ఖర్చుకు ఒకటిన్నర రెట్లు ఇస్తామని 2018-19 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. 2025-26 ఖరీఫ్‌లో సాధారణ రకం ధాన్యానికి క్వింటాలు ఖర్చును 1,579 రూపాయలుగా చూపి, ధరను 2,369గా నిర్ణయించారు. ఆ లెక్కన 790 రూపాయలు లాభం.

ఆ ఖర్చులో చేతినుంచి పెట్టిన డబ్బు, చెల్లించిన కౌలు, ఇంటిల్లిపాది కష్టానికి కట్టిన విలువ ఉన్నాయి. సొంత భూమికి రావలసిన కౌలు, సొంత పెట్టుబడిపై వడ్డీ లేవు. వాటినీ కలపాలన్నది రైతు సంఘాల వాదన. పైగా ఇది దేశమంతటికీ వేసిన సగటు. కౌలు ఎక్కువగా ఉన్నచోట కౌలుదారు ఖర్చు ఆ సగటుతో సరిపోదు.

ధర ఎంతో బోర్డు మీద కనబడుతుంది. లాభం ఎంతో తెలియాలంటే ఏయే ఖర్చులు లెక్కలోకి వచ్చాయో, ఏవి రాలేదో చూడాలి. ఖర్చు పద్దులో ఒక వరుస వదిలేస్తే అది లాభం పద్దులో చేరిపోతుంది. దాని భారం మాత్రం రైతు మీదే ఉంటుంది.