నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు

గుంటూరు బ్రాడీపేటలో ఇల్లు వెతుక్కునేవాళ్లకు రెండు అంకెలు చాలు. 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ఆటో అబ్బాయి ఇంకేమీ అడగడు. ఊరు దాటాక పరుచుకున్న పత్తి, మిరప చేల భూసార పటాన్ని కూడా ఇలాంటి గళ్ల మీదే గీస్తారు. 2015 ఫిబ్రవరిలో కేంద్రం మొదలుపెట్టిన భూసార కార్డుల పథకం నీటివసతి ఉన్నచోట రెండున్నర హెక్టార్లకు, వర్షాధారమైతే పది హెక్టార్లకు ఒక గడి అని లెక్క పెట్టింది. గడికో మట్టి నమూనా. అందులో చూసే 12 అంశాల్లో జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్ సూక్ష్మపోషకాలు.

ఎంత సూక్ష్మమంటే, ఎకరంలో పై 15 సెంటీమీటర్ల మట్టి దాదాపు 9 లక్షల కిలోలు తూగుతుంది. కిలో మట్టిలో మొక్కకు అందే జింకు 0.6 మిల్లీగ్రాములకు తగ్గితే లోపం ఉన్నట్టు. అంటే ఎకరం మొత్తానికి అటూ ఇటూగా అరకిలో!

అలాగని నేలలో జింకే లేదనుకోకండి. మామూలు నేలలో కిలోకు 50 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, ఎకరానికి 45 కిలోలు. కానీ మన నల్లరేగడిలో సున్నం పాలు ఎక్కువ. ఆ క్షారగుణానికి జింకు కరగదు, వేరుకు చిక్కదు. బీరువా నిండా బట్టలున్నా తాళంచెవి పోయినట్టు. అందుకే ప్రయోగశాలలో మట్టినంతా ఘాటైన ఆమ్లంలో కరిగించరు. 1978లో లిండ్సే, నార్వెల్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు స్థిరపరిచిన పద్ధతిలో, డీటీపీఏ అనే రసాయన ద్రావణంలో రెండు గంటలు కుదిపి, వేరు తీసుకోగలిగే పాలును మాత్రమే అంచనా కడతారు. బోరాన్‌కు ఆ మందు పనికిరాదు, మట్టిని వేడినీళ్లలో మరిగించాలి.

ఇంత చిన్న లెక్కలు తారుమారు కావడానికి ఎంతోసేపు పట్టదు. జింకు పూత ఉన్న రేకు బకెట్లో మట్టి కలిపినా, పాత ఎరువు సంచిలో మూట కట్టి తెచ్చినా అంతే సంగతులు. గట్ల పక్కన, చెట్ల నీడన, పెంటకుప్ప వేసిన చోట మట్టి తీయకూడదు. పొలంలో పది పదిహేను చోట్ల ‘వి’ ఆకారపు గుంటలు తీసి, ఆ మట్టినంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురువి రెండు పారేస్తూ అరకిలోకు తేవాలి. ఎంత ఖరీదైన యంత్రమైనా సంచిలో జరిగిన తప్పును పట్టుకోలేదు.

ఇక పటం సంగతి. నమూనాలు తీసిన చుక్కల మధ్య ఖాళీని రంగులతో నింపే లెక్క వ్యవసాయంలో పుట్టింది కాదు. 1951లో దక్షిణాఫ్రికా గనుల ఇంజనీరు డేనీ క్రీగె బంగారం ఎక్కడెంత ఉందో అంచనా వేయడానికి వేసిన బాట అది. దగ్గరి చోట్లు ఒకదాన్నొకటి పోలి ఉంటాయన్నది దాని ఆధారం. బంగారానికది సరిపోయిందేమో గానీ, మిరప చేలో గట్టుకు ఒకవైపు రైతు ఏటా బస్తాలకు బస్తాలు భాస్వరపు ఎరువు డీఏపీ గుమ్మరిస్తే, రెండోవైపాయన గొర్రెల మంద కట్టిస్తాడు. భాస్వరం పేరుకుపోతే పైరుకు జింకు అందడం తగ్గుతుంది. పటంలో మాత్రం ఇద్దరిదీ ఒకే రంగు. మండలానికి ఎంత జింకు సల్ఫేటు తెప్పించాలో తేల్చుకోవడానికి ఆ రంగు బాగా పనికొస్తుంది. మీ చేలో ఎంత చల్లాలో అడిగితే చెప్పలేదు, దానికి మీ మట్టే పంపాలి.

లోపమని తేలితే ఎకరానికి 20 కిలోల జింకు సల్ఫేటు మామూలు సిఫారసు. దాన్ని డీఏపీతో కలిపి ఒకేసారి చల్లేవాళ్లున్నారు. భాస్వరంతో కూడి జింకు మళ్లీ కరగని రూపంలోకి పోతుంది. డబ్బు పెట్టి కొన్న తాళంచెవి కూడా బీరువాలోనే పడ్డట్టు.