కొత్త దారి వేసిన ఆలస్యమా?

రద్దీ పెరిగినచోట మరొక రోడ్డు వేయవలెనని ఎవరికైనను తోచును. ఒక్కొక్కప్పుడు దానివలన ఆలస్యమే పెరుగునని 1968లో జర్మను గణితవేత్త డీట్రిష్ బ్రేస్ చూపెను.

ఒక ఊరినుండి మరొక ఊరికి రెండు దారులున్నవనుకొందము. ప్రతి దారిలోను ఒక ఇరుకు భాగము, ఒక విశాల భాగము కలవు. మొదటి దారిలో ఇరుకు ముందు, రెండవదానిలో వెనుక. విశాల భాగమున ఎన్ని బండ్లున్నను 45 నిమిషములే. ఇరుకులో మాత్రము బండ్ల సంఖ్యను 100చే భాగించగా వచ్చినన్ని నిమిషములు పట్టును. 4000 బండ్లు సమముగా విడిపోయినచో ప్రయాణము 20, 45 కలిసి 65 నిమిషములు.

ఇప్పుడు రెండు దారుల నడుమ క్షణములో దాటగల వంతెన కట్టినారు. అన్ని బండ్లు చేరినను ఇరుకులో 40 నిమిషములే గదా, 45 కంటె మేలే అని ప్రతివారును వంతెన మీదుగా రెండు ఇరుకులనే పట్టుదురు. ఫలితము 80 నిమిషములు! పాత దారికి మరలినవారికి 85 పట్టును గనుక ఎవరును మరలరు. ఎవరి లెక్కయు తప్పు కాదు; చిక్కంతయు అక్కడనే ఉన్నది.

మరి ఉన్న రోడ్డును తీసివేసిన నేమగును? సియోల్ నగరమున చోంగ్యేచోన్ వాగుపైనున్న ఎత్తు రోడ్డును 2003లో పడగొట్టనారంభించి, 2005 నాటికి వాగును పునరుద్ధరించిరి. భయపడినంత రద్దీ కలుగలేదు. దీనికి బ్రేస్ లెక్క ఒక్కటే కారణమనరాదు. 2004లో అక్కడి బస్సుల ఏర్పాటు కూడ మారినది.