మూలకణములు - పక్షవాతము

కరీంనగరు ప్రాంతమున వరి పండించువారందఱు నారుమడి నెఱుగుదురు. చిన్న మడిలో పెంచిన నారే పొలమంతయు నిండును. మన శరీరమునందును ఇట్టి నారుమడులు కలవు. వానియందలి కణములను శాస్త్రజ్ఞులు మూలకణము లందురు.

ఎముకలలోని మూలుగయందు మూలకణము లుండి, నిత్యము క్రొత్త రక్తకణములను పుట్టించుచుండును. కంటి నల్లగ్రుడ్డు అంచునను ఇట్టివి కలవు. సున్నము పడి ఆ అంచు కాలినచో నారుమడి నశించి, చూపు మందగించును. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థవారు 2001 నుండి, రోగి మంచి కంటియంచున చిటికెడు కణజాలము తీసి, మావి పొరపై పెంచి, చెడిన కంటియందు నాటి, పెక్కుమందికి చూపు తెప్పించిరి.

అట్లయిన పక్షవాత రోగులకును మూలకణములు మేలు చేయవా? మెదడునకు పోవు రక్తనాళమున గడ్డ అడ్డుపడినను, నాళము చిట్లినను పక్షవాతము కలుగును. పెద్దనాళము మూసికొనినపుడు నిమిషమునకు సుమారు 19 లక్షల నాడీకణములు నశించునని అంచనా. నశించినచోట క్రొత్తవానిని నాటవచ్చునా యని వైద్యులు యోచించిరి.

మన దేశమున 5 వైద్యశాలలలో 120 మంది రోగులతో ఒక పరీక్ష జరిగినది. సగముమందికి వారి మూలుగనుండి తీసిన కణములను రక్తనాళము ద్వారా ఎక్కించిరి. తక్కినవారికి మామూలు చికిత్స మాత్రమే చేసిరి. ఆఱు నెలల పిమ్మట చూడగా రెండు వర్గములవారును ఒకే తీరున కోలుకొనిరి. కణముల వలన కీడు కలుగలేదు. అధికమైన మేలును కలుగలేదు. ఈ ఫలితము 2014లో ప్రకటితమైనది. మెదడు వరిపొలము వంటిది కాదు. అందలి యొక్కొక్క కణము వేలకొలది కణములతో ముడిపడి యుండును. ఆ ముడులను మరల వేయుట సులభము కాదు.

కావుననే పక్షవాతమునకు మూలకణములను పరిశోధనగా తప్ప చికిత్సగా వాడరాదని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకములు తెలుపుచున్నవి. అయినను ఆశ చూపి లక్షలు గుంజువారు లేకపోలేదు. మంచము పట్టిన తండ్రికై ఉన్న యెకరము నమ్మ సిద్ధపడు కుమారునకు నిజము చెప్పుట చదువుకొన్నవారి ధర్మము.

బాలబాలికలారా! ఎవరికైనను హఠాత్తుగా మూతి వంకరపోయినను, చేయి పడిపోయినను, మాట తడబడినను ఆ వేళను గుఱుతుంచుకొని వెంటనే 108కు ఫోను చేయుడు. పసరు మందులకై తిరుగరాదు. గడ్డ వలన వచ్చిన పక్షవాతమైనచో, దానిని కరగించు మందును 4.5 గంటలలోగా ఇయ్యవలెను. పిమ్మట నెలల తరబడి వ్యాయామము చేయించుటయు ముఖ్యము. మూలకణముల పరిశోధన సాగుచున్నది. రేపు ఫలించిన ఫలించవచ్చును. నేడు మన చేతనున్న మందు కాలమే. అదను తప్పిన నాటు నిండుపంట నీయదు గదా!