ఫ్యామిలీ డాక్టర్

రోగి పట్నం వెళ్లి క్యూ కట్టే బదులు వైద్యుడే పల్లెకు రావడం ఫ్యామిలీ డాక్టర్ విధానంలోని కీలకాంశం. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 2022 అక్టోబరు 21న ప్రయోగాత్మకంగా మొదలై, 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో లాంఛనంగా ప్రారంభమైంది.

ఎలా పనిచేస్తుంది? ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఇద్దరు వైద్యులు ఉండాలి. ఒకరు అక్కడే ఓపీ చూస్తే, మరొకరు 104 సంచార వైద్య వాహనంలో ఊళ్లు తిరుగుతారు. ప్రతి గ్రామానికీ నెలకు రెండుసార్లు రావాలన్నది నియమం. మిగతా రోజుల్లో విలేజ్ క్లినిక్‌లోని ఆరోగ్య అధికారి, ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలే దిక్కు. పరీక్షలు, మందులు ఉచితం. బీపీ, షుగర్ రోగులకు, గర్భిణులకు, మంచం పట్టిన వృద్ధులకు ఇది ప్రధానంగా ఉపయోగపడుతుంది.

అహోబిలం లాంటి చోట దీని విలువ తెలుస్తుంది. నంద్యాల జిల్లాలోని ఈ నల్లమల క్షేత్రం నుంచి ఆళ్లగడ్డ పట్టణానికి సుమారు పాతిక కిలోమీటర్లు. చికిత్స ఉచితమే అయినా దారి ఖర్చులు, పోయే కూలి ఉచితం కావు. అడవినే నమ్ముకున్న చెంచులకు ఆ భారం మరీ ఎక్కువ.

కుటుంబ వైద్యుడన్న ఆలోచన కొత్తదేమీ కాదు. బ్రిటన్‌లో 1948 జులై 5 నుంచి కుటుంబ వైద్యుడి సేవలు ఉచితం. అక్కడ రోగి ఒక క్లినిక్‌లో పేరు నమోదు చేసుకుంటాడు. ఇక్కడ ఊరినే వైద్యుడికి అప్పగిస్తారు. ఖాళీలు భర్తీ చేసి, వైద్యులను తరచూ బదిలీ చేయకుండా ఉంటేనే ‘ఫ్యామిలీ’ అన్న మాట నిలుస్తుంది.