కాఫీ పండే నెలల్లోనే తుపాను ఎందుకు?

టైడా దాటి అరకు వైపు కొండెక్కే కొద్దీ కాఫీ తోటల మీద సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా కనిపిస్తాయి. నీడకు ఆ చెట్టు, దాని మానును పట్టుకుని పాకే మిరియాల పాదు, అడుగున కాఫీ మొక్క. ఆ చెట్టు కూలిందంటే మూడూ పోయినట్టే. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు ఈ కొండల్లో జరిగిందదే. తీరంలో గంటకు 170-180 కిలోమీటర్ల గాలి. కొండలకు చేరేసరికి జోరు తగ్గినా ఓక్ చెట్లను కూల్చడానికి అది సరిపోయింది. కాయ ఇంకా పూర్తిగా పండుబారని రోజులవి.

వానలు దంచికొట్టేది జులై, ఆగస్టుల్లో కదా, ఇంత పెద్ద తుపాన్లు అప్పుడెందుకు రావు? సముద్రం వేడి చాలక కాదు. తుపానుకు నీటి పైపొర సుమారు 26.5 డిగ్రీలుండాలి, బంగాళాఖాతం అప్పుడు అంతకన్నా వెచ్చగానే ఉంటుంది. అడ్డుపడేది గాలి. నైరుతి కాలంలో కింద పడమటి గాలి వీస్తుంటే, 14-15 కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుంచి జెట్ ప్రవాహం దూసుకుపోతుంది. గడ్డివాము అడుగును ఒకరు, కొసను ఒకరు చెరో దిక్కుకు లాగినట్టు. మేఘాల్లో విడుదలైన వేడి నడిమధ్యన పోగుపడక చెదిరిపోతుంది, పీడనం పడిపోదు. అందుకే ఆ నెలల్లో వాయుగుండాలే ఎక్కువ. అక్టోబరుకు ఆ జెట్ తప్పుకుంటుంది, సముద్రం మాత్రం చల్లారదు.

ఇక దూరపు చేతులు. 1971లో మాడెన్, జూలియన్ గుర్తించిన మేఘాల అల ఒకటి 30-60 రోజులకోసారి భూమధ్యరేఖ వెంబడి తూర్పుకు సాగుతుంది. అది మన వైపు ఉన్నప్పుడు అల్పపీడనాలు బలపడే అవకాశం పెరుగుతుంది. పసిఫిక్‌లో నీరు మామూలు కన్నా చల్లబడే లానినా ఉంటే బంగాళాఖాతంలో తీవ్ర తుపాన్లకు మొగ్గు. 1999 ఒడిశా సూపర్ సైక్లోన్ అలాంటి ఏడాదిదే. హిందూ మహాసముద్రం పడమటి వైపు బాగా వేడెక్కిన 2019లో ఎనిమిది తుపాన్లలో ఐదు అరేబియా సముద్రంలో పుట్టాయి. అయితే 2014లో లానినా లేదు, హుద్‌హుద్ వచ్చింది! ఇవన్నీ మొగ్గును మారుస్తాయి తప్ప తేదీ చెప్పవు.

దారి చూపేది కూడా పైగాలులే. అండమాన్ దగ్గర పుట్టిన హుద్‌హుద్‌ను అవి వాయవ్యంగా మన తీరానికి తోలాయి. నేలెక్కాక అది ఉత్తరానికి తిరిగి, పడమటి గాలుల ద్రోణితో కలిసింది. రెండు రోజులకే నేపాల్ అన్నపూర్ణ కొండల్లో మంచు తుపానై 40 మందికి పైగా ప్రాణాలు తీసింది.

ఇప్పుడు వాతావరణ శాఖ ప్రతి గురువారం రెండు వారాల ముందస్తు అంచనా ఇస్తోంది. ఓక్ చెట్టును కాపాడుకోవడానికి అది పనికిరాదు. పండిన కాయను ముందే కోసుకోవడానికి, కల్లంలో ఆరబోసింది ఇంట్లోకి చేర్చడానికి మాత్రం ఆ వ్యవధి చాలు.