గాజుతొట్టెలో పగడపు దిబ్బ

ఇంట్లో పెంచే ఉప్పునీటి పగడపు అక్వేరియం చూసేవారికి గాజుతొట్టె, పంపులు, దీపాలు, హీటరు కలిసిన ఒక పరికరంలా కనిపిస్తుంది. కానీ అందులో అసలు పని జరిపేది కంటికి ఆనని సూక్ష్మజీవులు, అవి కాపురముండే రాళ్లు. ఈ సంగతిని గ్రహించి ఆచరణలో పెట్టడానికి మనిషికి శతాబ్దానికి పైగా పట్టింది. ఆ కాలమంతా అతడు ఆ పనిని మొదట చేతులతోనూ, తరువాత మొక్కలతోనూ, ఆపైన యంత్రాలతోనూ చేయించాలని చూశాడు.

సముద్రజీవులను అధ్యయనం కోసం గాజుతొట్టెలో ఉంచి పరిశీలించిన తొలివారిలో జీన్ విల్లెప్రూ పవర్ ముఖ్యురాలు. ఈ ఫ్రెంచి శాస్త్రవేత్త సిసిలీ ద్వీపంలోని మెస్సీనాలో 1832 ప్రాంతంలో ఆ పని చేసింది. అయితే పక్కనే సముద్రం ఉన్న ఊళ్లో ఎప్పటికప్పుడు కొత్త నీరు దొరుకుతుంది కనుక, నీటిని బాగుచేసుకోవడమెలా అన్న ప్రశ్న ఆమెకు అంతగా ఎదురుకాలేదు. ఆ ప్రశ్నను సూటిగా ఎదుర్కొన్నది ఆనా థిన్ అనే ఆంగ్ల మహిళ. 1846లో ఆమె ఇంగ్లండు దక్షిణ తీరంలోని టార్కీ నుంచి రాతిపగడాలను లండనుకు తెచ్చింది. రోజుకోసారి తొట్టెలోని నీటిని తెరిచిన కిటికీ ముందు ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి చాలాసేపు పోయించి, అందులో గాలి కలిసేలా చూసింది. ఆ శ్రమ చేసింది ఆమె ఇంటి పనిమనిషి. నేటి అక్వేరియంలో పంపు చేసే పనిని మొదట తన చేతులతో చేసిన ఆ పనిమనిషి పేరు చరిత్రలో నిలవకపోవడం విచారకరం. మరుసటి సంవత్సరం థిన్ సముద్రపు నాచు మొలిచిన రాళ్లను కూడా తొట్టెలో చేర్చడంతో, ఆ నాచు వెలుతురులో విడుదల చేసే ప్రాణవాయువు కొంత భారాన్ని తగ్గించింది.

బ్రిటన్‌లో గాజుపై పన్ను 1845లో రద్దయి గాజు చవకయింది. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో ప్రజల కోసం అక్వేరియం తెరుచుకుంది. మరుసటి ఏడాది ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన పుస్తకంతో ఈ సరదా మధ్యతరగతి ఇళ్లకు పాకింది. కానీ మొక్కా జంతువూ ఒకదానికొకటి సరితూగితే చాలునన్న నమ్మకంతో నింపిన తొట్టెలు చాలావరకు కొద్ది వారాల్లోనే కంపుకొట్టాయి. 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ అక్వేరియానికి రూపకల్పన చేసిన విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ మరో దారి పట్టాడు. ప్రదర్శన తొట్టెల కంటే ఎంతో పెద్దదైన చీకటి జలాశయాన్ని నేల కింద కట్టించి, పైకీ కిందికీ నీరు నిరంతరం తిరిగేలా ఆవిరి యంత్రాలు పెట్టించాడు. నేడు ఇళ్లలో తొట్టె కింది అరలో ఉంచే రెండో తొట్టెకు, అంటే సంప్‌కు, మూలమైన ఆలోచన ఇదే.

నీరు ఎందుకు చెడుతుందన్నది 1890 ప్రాంతంలో సెర్గీ వినోగ్రాద్‌స్కీ పరిశోధనలతో స్పష్టమైంది. జీవుల విసర్జన, మిగిలిన తిండి కుళ్లి అమోనియా పుడుతుంది. ఒక జాతి బాక్టీరియా ఆ విషాన్ని నైట్రైటుగానూ, మరో జాతి దానిని తక్కువ హానికరమైన నైట్రేటుగానూ మారుస్తాయి. కొత్త తొట్టెలో ఈ బాక్టీరియా తగినంత పెరగడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది గనుకనే అనుభవజ్ఞులు అంతవరకు అందులో జీవులను వేయరు. ఇరవయ్యో శతాబ్దం మధ్యకాలంలో గులకరాళ్ల అడుగు నుంచి నీటిని లాగే ఫిల్టర్లు వచ్చి చేపలను బతికించగలిగాయి గానీ, నైట్రేటు పేరుకుపోతూనే ఉండటం వల్ల పగడాలు మాత్రం నిలవలేదు.

ఈ చిక్కుముడిని విప్పిన దారి ప్రయోగశాలలో కాక జకార్తాలో దొరికింది. లీ చిన్ ఎంగ్ అనే అక్వేరియం ప్రియుడు సముద్రం నుంచి తెచ్చిన రాళ్లను వాటి మీది జీవజాలంతో సహా తొట్టెలో పేర్చాడు. కాస్త గాలి బుడగలు, ఎండ తప్ప మరే ఫిల్టరూ లేకుండా పగడాలను పెంచి, 1961లో ఆ పద్ధతిని ఒక అమెరికన్ పత్రికలో వివరించాడు. లైవ్ రాక్ అని పిలిచే ఈ రాయి చచ్చిన పగడపు అస్థిపంజరమే, కాకపోతే లోపలంతా సన్నని రంధ్రాలు. రాయి పైపొరలో ఆక్సిజన్ పుష్కలం కనుక అక్కడి బాక్టీరియా అమోనియాను నైట్రేటుగా మారిస్తే, ఆక్సిజన్ చేరని లోపలి రంధ్రాల్లోని మరో రకం బాక్టీరియా ఆ నైట్రేటును నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి పంపేస్తాయి. ఒకే రాయిలో రెండు విరుద్ధ వాతావరణాలు పక్కపక్కనే పనిచేయడం ఈ చరిత్ర మొత్తంలో అత్యంత ఆశ్చర్యకరమైన విషయం.

దీనికి తోడుగా నిలిచిన యంత్రం ప్రోటీన్ స్కిమ్మర్. 1960లలో జర్మనీలో వ్యాప్తిలోకి వచ్చిన ఈ నిలువు గొట్టంలో సన్నని గాలి బుడగలు నీటిగుండా పైకి లేస్తాయి. ఒక కొన నీటినీ మరో కొన గాలినీ కోరే సేంద్రియ అణువులు ఆ బుడగల అంచుకు అతుక్కుని నురగగా పైకి చేరతాయి. పప్పు ఉడికేటప్పుడు పైన తేలిన నురగను గరిటెతో తీసేసినట్టు ఆ గోధుమరంగు నురగ పై గిన్నెలోకి పొర్లి వేరుపడుతుంది. కుళ్లి అమోనియాగా మారకముందే మలినాన్ని బయటికి పంపడం దీని ప్రత్యేకత. ఉప్పునీటిలో బుడగలు ఒకదానితో ఒకటి కలిసిపోక చిన్నవిగానే ఉంటాయి కాబట్టి మంచినీటి తొట్టెల్లో ఇది అంతగా పనిచేయదు. లైవ్ రాక్, స్కిమ్మర్, బలమైన దీపం కలిసిన ఏర్పాటుకు బెర్లిన్ పద్ధతి అని పేరు వచ్చింది.

రాతిపగడాలు తమ అస్థిపంజరాన్ని కాల్షియం కార్బొనేటుతో కట్టుకుంటాయి గనుక తొట్టెలో కాల్షియం రోజురోజుకూ తరుగుతుంది. దానిని లీటరుకు సుమారు 420 మిల్లీగ్రాముల దగ్గర నిలపడానికి, ఆవిరైన నీటికి బదులుగా సున్నపు తేటను చుక్కలుగా వదిలే పద్ధతిని పీటర్ విల్కెన్స్ ఐరోపాలో ప్రచారంలోకి తెచ్చాడు.

ఇలా పగడాలను ఇంట్లో పెంచగలిగినా, భారతదేశంలో రాతిపగడాలన్నింటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు కాబట్టి మన సముద్రాల నుంచి పగడాన్ని గానీ, దాని ముక్కను గానీ తీయడం నేరం. ఈ నిషేధం న్యాయమైనదే, ఎందుకంటే తెంచిన ఒక్కో దిబ్బ తిరిగి పెరగడానికి దశాబ్దాలు పడుతుంది.

తొట్టెను వేరే ఇంటికి మార్చవలసి వచ్చినప్పుడు దాని నిజస్వరూపం బయటపడుతుంది. నీరు తగ్గాక గాలి తగిలితే హీటరు గాజు పగులుతుంది గనుక ముందుగా దాని స్విచ్చి ఆపి చల్లారనివ్వాలి. ఆ తరువాత ఇసుక కదలకముందే పైనున్న తేట నీటిని శుభ్రమైన డ్రమ్ముల్లోకి తోడుకోవాలి. ఒత్తిడికి లోనైన పగడాలు జిగురు వదులుతాయి, పక్కవాటిని కుడతాయి కాబట్టి ఒక్కోదాన్ని వేర్వేరు డబ్బాల్లో పెడతారు. రాళ్లను నీటిలో ముంచే తీసుకెళ్లాలి, ఎందుకంటే గాలికి ఆరిన రాతి మీది స్పాంజీలు చచ్చి కుళ్లితే కొత్త ఇంట్లో మళ్లీ అమోనియా పుడుతుంది. రాళ్లు తీసేశాక దాగే చోటు లేని చేపలను పట్టడం తేలిక. అన్నిటికన్నా ప్రమాదకరమైనది అడుగున ఏళ్లతరబడి కదలని ఇసుక. దాని లోతు పొరల్లో పోగైన హైడ్రోజన్ సల్ఫైడ్, మురుగు ఒక్కసారిగా నీటిలో కలిస్తే తొట్టె మొత్తం చావవచ్చు కనుక దానిని పారేసి కొత్త ఇసుక వేయడమే మేలు. సముద్రపు నీరు లీటరుకు కిలోకు పైగా తూగుతుంది, 400 లీటర్ల తొట్టెలో నీరే 400 కిలోలు దాటుతుంది. అందువల్ల కాస్త నీరో, రెండు రాళ్లో లోపల ఉంచి ఎత్తితే గాజు అతుకులు విడిపోతాయి. గాజును, పంపులను మార్చినా తొట్టె బతుకుతుంది గానీ, ఆ తడి రాళ్లను పోగొట్టుకుంటే మళ్లీ మొదటి నుంచి వారాల తరబడి ఎదురుచూడవలసిందే.

అక్వేరియాన్ని శాశ్వతంగా తీసేసేటప్పుడు పగడాలను, చేపలను ఇతర పెంపకందారులకు అప్పగించడం రివాజు. రాళ్లను శుభ్రం చేయడానికి మరిగించడం మాత్రం ప్రాణాంతకం. వాటి మీద పెరిగే గుండీల్లాంటి జోయాంథిడ్ జీవుల్లో కొన్ని పాలీటాక్సిన్ అనే తీవ్ర విషాన్ని దాచుకుంటాయి, అది ఆవిరితో గాలిలో కలిసి మొత్తం కుటుంబాలు ఆస్పత్రి పాలైన ఉదంతాలు వైద్యపత్రికల్లో నమోదయ్యాయి. మిగిలిన నాచునూ నీటినీ సముద్రంలోకో కాలువలోకో వదలకూడదు. అక్వేరియాల్లో పెంచిన కాలెర్పా టాక్సిఫోలియా అనే నాచు 1984లో మొనాకో ఓషనోగ్రాఫిక్ మ్యూజియం కింద సుమారు ఒక చదరపు మీటరు మేర కనిపించి, ఆ తరువాత మధ్యధరా తీరంలో వేల హెక్టార్లకు వ్యాపించింది. అదే నాచు 2000లో కాలిఫోర్నియాలోని ఒక ఉప్పుటేరులో బయటపడితే, దాని మీద టార్పాలిన్లు కప్పి, వాటి కిందికి క్లోరిన్ పంపి, పూర్తిగా నిర్మూలమైందని 2006లో ప్రకటించారు. అందుకే తొట్టె విప్పేవారు నాచును ముక్క మిగలకుండా ఏరి, ఎండబెట్టో గడ్డకట్టించో చంపిన తరువాతే చెత్తలో వేస్తారు.